నెలకు ఒక్కరోజు వితంతువు

తెనాలి నుంచి రాసిన 41 ఏళ్ల సోదరి ఉత్తరం సారాంశం ఇది. భర్త 2019లో మరణించారు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న కూతురితో కలిసి ఏడాదిగా ఒక షాపు యజమాని ఇంట్లో ఉంటున్నారు. ఆయన భార్య కూడా లేరు, ఒక్కగానొక్క కొడుకు పెళ్లయి వేరే ఉంటున్నాడు. పెళ్లి మాట ఎత్తితే ఆయన "రిజిస్టర్ చేయిస్తే నీ పింఛను పోతుంది కదా" అంటున్నారట. ప్రతి నెలా ఒకటో తేదీన ఈమె బొట్టు తుడుచుకుని, బస్సెక్కి అత్తగారి ఊరు వెళ్లి, వేలిముద్ర వేసి 4,000 రూపాయలు తెచ్చుకుంటున్నారు. తోటికోడలు గ్రామ సచివాలయంలో చెబుతానని బెదిరిస్తోందనీ, ఆమె నోరు ఎలా మూయించాలనీ అడిగారు.

అమ్మా, మీ తోటికోడలి నోరు మూయించే ఉపాయం నా దగ్గర లేదు, ఉన్నా చెప్పను. ఆమె అంటున్నది అబద్ధమైతే కదా మూయించడానికి! రాష్ట్ర ప్రభుత్వ పింఛన్ల పథకమైన ఎన్టీఆర్ భరోసా కింద వితంతు పింఛను మళ్లీ పెళ్లి చేసుకున్నవారికి వర్తించదు. పెళ్లి కాలేదన్న మాట చాటున మీరు నిలబడవచ్చు గానీ, ఒకే ఇంట్లో ఒకే పొయ్యి మీద వండుకుంటున్నామని రాసిచ్చిన నాడు ఆయన ఆదాయం, భూమి, కారు, కరెంటు వాడకం కూడా లెక్కలోకి వస్తాయని మీకూ తెలుసు, అందుకే బొట్టు తుడుచుకుని వెళుతున్నారు. భర్త పోయినావిడ బొట్టు పెట్టుకోకూడదని నేను ఏనాడూ అనను. పెట్టుకున్న బొట్టును డబ్బు కోసం తుడుచుకోవడమే నాకు కష్టంగా తోచింది.

ఉత్తరమంతా తోటికోడలి గురించే రాశారు. నాకు మాత్రం మిమ్మల్ని ఆ వేషంలో బస్టాండు దాకా బండి మీద దింపి వస్తున్న మనిషే కనిపిస్తున్నారు. షాపూ సొంత ఇల్లూ ఉన్న మనిషికి ఏడాదికి 48,000 రూపాయలు అంత పెద్ద అడ్డంకి అవుతాయా? వితంతువు మళ్లీ పెళ్లాడవచ్చని 1856లోనే చట్టం వచ్చింది, 1881లో వీరేశలింగం గారు రాజమహేంద్రవరంలో అటువంటి పెళ్లి జరిపించి చూపించారు; ఇన్నేళ్ల తరువాత ఒక ఆడమనిషి పెళ్లికి పింఛను అడ్డమని చెబితే వినడానికి నాకే సిగ్గుగా ఉంది.

రేపు ఆయనకు ఏదైనా జరిగితే ఆ ఇల్లు కొడుకుది. కలిసి బతికినందుకు గృహహింస చట్టం మీకు కొంత రక్షణ ఇస్తుందేమో గానీ, వారసత్వంలో భార్య వాటా మాత్రం పెళ్లి కాకుండా రాదు. అత్తవారు భయపెడుతున్నట్టు మళ్లీ పెళ్లి చేసుకుంటే పొలంలో మీ వాటా పోతుందన్నది నిజం కాదు. మీ భర్త మరణించిన రోజునే ఆయన వాటాలో మీకూ, మీ అమ్మాయికీ, మీ అత్తగారికీ హక్కు ఏర్పడింది, అది తరువాతి పెళ్లితో రద్దు కాదు. ఆ కాగితాలు ఎవరి దగ్గర ఉన్నాయో ముందు చూసుకోండి.

ఆయన కొడుకునీ కోడలినీ పిలిపించి, వాళ్ల ఎదుటే ముహూర్తం అడగండి. ఒప్పుకుంటే గుడిలో పెళ్లి చేసుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదు చేయించుకోండి, సచివాలయానికి మీరే వెళ్లి పింఛను ఆపమని రాసివ్వండి. తీసుకున్నది తిరిగి కట్టమంటే వాయిదాల మీదనైనా కట్టండి. ఆయన నసిగితే మాత్రం పెట్టె సర్దుకుని విడిగా గది తీసుకోండి. అప్పుడు ఆ 4,000 నిజంగా మీవే, ఏ తోటికోడలికీ జవాబు చెప్పుకోనక్కరలేదు.

ఈ రెండింటిలో ఏది జరిగినా మీ అమ్మాయికి ముందుగా మీరే చెప్పండి. పదిహేడేళ్ల పిల్ల, ఒకటో తేదీన అమ్మ నుదురు ఎందుకు బోసిగా ఉంటుందో ఈపాటికే గమనించి ఉంటుంది.