క్యాజువాలిటీలో రాసిన ఒక్క లైను మమ్మల్ని నాలుగేళ్ళు తిప్పింది

ప్రశ్న: మా నాన్న రాత్రి బైక్ మీద వస్తూ, లైట్లు లేకుండా ఆపి ఉన్న లారీని వెనక నుంచి గుద్దారు. కాలు విరిగింది. తప్పు మీదే అంటున్నారు అందరూ. కేసు వేయొచ్చా? అసలు ఇలాంటివి ఎందుకు ఇన్ని జరుగుతున్నాయి?

వేయొచ్చండీ. ఆగి ఉన్నదాన్ని గుద్దితే తప్పు గుద్దినోడిదే అని ఊళ్ళో ప్రతి ఒక్కడూ తీర్పు చెప్పేస్తాడు, కోర్టు అంత తేలిగ్గా అనదు. అడ్డంగా, ప్రమాదకరంగా బండి వదిలేయడం కూడా తప్పే, మోటారు వాహనాల చట్టంలో 122వ సెక్షన్ దాని గురించే. నేను లాయర్ని కాదు, నాది ఎరువుల షాపు. కానీ మా తమ్ముడి కేసు కోసం నాలుగేళ్ళు కోర్టు వరండాలో బల్లలు అరగదీశా కాబట్టి చెప్తున్నా.

ఎందుకు జరుగుతున్నాయి అంటే టీవీలో అతివేగం, మందు, సెల్‌ఫోన్ అంటారు. అవీ ఉన్నాయి, కాదనను. కానీ మా వైపు రాత్రి యాక్సిడెంట్లలో సగం చీకట్లో ఆపిన బండ్ల వల్లే, ఇది నా లెక్క, ఎవరు కాదన్నా ఒప్పుకోను. ట్రాక్టర్ ట్రక్కుకి వెనక లైటు ఉంటే వైరు ఉండదు, వైరు ఉంటే బల్బు ఉండదు. పంక్చరైతే చుట్టూ నాలుగు రాళ్ళు, ఒక వేపకొమ్మ, అదే మన సేఫ్టీ. టైరు మార్చుకుని వాడు వెళ్ళిపోతాడు, రాళ్ళు మాత్రం రోడ్డు మీదే. తర్వాత ఆ రాళ్ళ మీద పడేవాడికి కేసు వేద్దామన్నా బండి నంబరు కూడా దొరకదు.

మా తమ్ముడిది 2019 మార్చి. మిర్చి సీజన్, గుంటూరు యార్డుకి రాత్రంతా ట్రాక్టర్లు పోతూనే ఉంటాయి. వాడు సెంట్రింగ్ పని ముగించుకుని నరసరావుపేట వైపు నుంచి వస్తున్నాడు. ఫిరంగిపురం దాటాక టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు నింపిన ట్రక్కు ఒకటి పంక్చరై సగం రోడ్డు మీద ఉంది, లైటు లేదు, కనీసం కొమ్మ కూడా లేదు. ఎదురుగా లారీ ఫుల్ లైట్ కొట్టింది, అది దాటేసరికి ముందు ట్రక్కు. తొడ ఎముక, మోకాలి కింద ఎముక రెండూ పోయాయి. ఒక టిక్కీ పగిలి కాయలన్నీ వాడి మీద పడ్డాయి.

108లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నేను వెళ్ళేసరికి క్యాజువాలిటీ మొత్తం దగ్గుతోంది. నర్సమ్మ కత్తెరతో ప్యాంటు కోస్తుంటే మడతల్లోంచి మిరపగింజలు రాలుతున్నాయి, ఆవిడ తుమ్ముతోంది, పక్క మంచం ముసలాయన ఎవడ్రా తాలింపు పెట్టింది అని తిడుతున్నాడు. డ్యూటీ డాక్టరు కళ్ళు తుడుచుకుంటూ ఎలా జరిగింది అని అడిగాడు. మా మావయ్య నాకంటే ముందే నోరు తెరిచి "బండి స్లిప్పయి పడ్డాడు సార్" అనేశాడు. ఆయన భయం ఆయనది, పోలీసు కేసైతే స్టేషన్ చుట్టూ తిరగాలని, పైగా ట్రాక్టర్ ఆయనది మా మావయ్య వియ్యంకుడి ఊరు. ఆ డాక్టరు మిర్చి ఘాటుకి దగ్గుతూనే "సెల్ఫ్ ఫాల్ ఫ్రమ్ బైక్" అని రాసుకున్నాడు. అంటే తనంతట తనే పడ్డాడని. నేను అక్కడే ఉండి కూడా దాన్ని పట్టించుకోలేదు, ఆపరేషన్‌కి డబ్బులు ఎలాగా అన్న గోలలో ఉన్నా.

మూడో రోజు పెద్దమనుషులు వచ్చారు. నలభై వేలు ఇప్పిస్తాం, కాగితం మీద సంతకం పెట్టండి అని. అప్పటికి బిల్లు లక్షా ఎనభై దాటింది. ఇంకో పక్క క్యాంటీన్ దగ్గర ఒకాయన, లాయర్ మనిషినని చెప్పి ఖాళీ కాగితాల మీద తమ్ముడి వేలిముద్ర అడిగాడు, వచ్చినదాంట్లో మూడో వంతు తనకట. మనిషి కాలు వేలాడుతుంటే బేరాలేంటండీ! సరే, నేను రెండూ వద్దని పదకొండో రోజు స్టేషన్‌కి వెళ్ళి ఎఫ్ఐఆర్ కట్టించా.

ఇన్సూరెన్స్ లాయర్ కోర్టులో పట్టుకున్నది ఆ ఒక్క లైనే. తనే పడ్డాడని ఆసుపత్రి రాసింది, పదకొండు రోజుల తర్వాత ట్రాక్టర్ని తెచ్చి ఇరికించారు అని. దగ్గుని సాక్ష్యంగా తీసుకోరు కదా. ఎఫ్ఐఆర్ లేటైందని మాత్రమే కేసు కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది కానీ "సెల్ఫ్ ఫాల్" అన్న మాటకి సమాధానం కావాలి. కాపాడింది 108 వాళ్ళ కాగితం. ఎక్కించుకున్న కుర్రాడు "ఆగి ఉన్న ట్రాక్టర్ వెనక గుద్దాడు" అని రాశాడు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టులో ట్రక్కు వెనక రేకు సొట్ట, లైట్లు లేవు అని ఉంది. ఈ రెండూ లేకపోతే మా పని అయిపోయేది.

కోర్టులో పరిహారం లెక్క ఎలా వేశారంటే, తమ్ముడికి జీతం స్లిప్పు ఎక్కడిది, నెలకి 9,000 అనుకున్నారు. ఏడాదికి 1,08,000. వయసుని బట్టి ఇన్నేళ్ళ సంపాదన అని కోర్టులకి ఒక పట్టిక ఉంటుంది, 28కి అందులో 17, దాంతో గుణించారు, 18,36,000. మెడికల్ బోర్డు కాలుకి 35 శాతం వైకల్యం అని ఇచ్చింది కానీ పరంజా ఎక్కలేనివాడికి సెంట్రింగ్ పని ఏముంటుంది, అందుకని సంపాదన నష్టం సగం అని తీసుకుని 9,18,000 వేశారు. సర్టిఫికెట్‌లో శాతం కాదు, పని ఎంత పోయిందో చూడాలి, ఇది మీ లాయర్‌తో గట్టిగా చెప్పించండి. పైన ఆసుపత్రి బిల్లులు, కేసు వేసిన రోజు నుంచి వడ్డీ. మళ్ళీ మొత్తంలో 25 శాతం మా వాడి అజాగ్రత్త అని కోసేశారు. మీకూ ఎంతో కొంత కోస్తారు, దానికి సిద్ధంగా ఉండండి, సున్నా మాత్రం కాదు.

అప్పట్లో కేసు వేయడానికి గడువు లేదు. 2022 ఏప్రిల్ నుంచి ఆరు నెలలు అని పెట్టారు, కాబట్టి కాలు బాగయ్యాక చూద్దాం అనుకోవద్దు. యాక్సిడెంట్ జరిగిన చోటే వేయాలని లేదు, మీరు ఉండే ఊరి పరిధిలో కూడా వేయొచ్చు. లారీ నంబరు దొరక్కపోతే అది హిట్ అండ్ రన్ కింద, తీవ్ర గాయానికి 50,000, చనిపోతే 2 లక్షలు, అంతే. 2025 నుంచి మొదటి ఏడు రోజులు లక్షన్నర దాకా క్యాష్‌లెస్ వైద్యం అని స్కీమ్ వచ్చింది, ఆసుపత్రిలో అడగండి, వాళ్ళంతట వాళ్ళు చెప్తారని నాకు నమ్మకం లేదు.

మీ నాన్నగారు ఇంకా ఆసుపత్రిలోనే ఉంటే ఇవాళే కేస్ షీట్ అడిగి, హిస్టరీ దగ్గర, అంటే దెబ్బ ఎలా తగిలిందన్న చోట, ఏం రాశారో చూడండి. తప్పుగా ఉంటే ఏం జరిగిందో రాసి డాక్టరుకి లెటర్ ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. ఆ లైను ఇక్కడ టైప్ చేస్తే నేను కూడా చూసి చెప్తా.