గడ్డి నానబెడితే ఇథనాల్ రాదన్నా

ప్రశ్న: మాది పరకాల దగ్గర. 4 ఎకరాల వరి, 3 ఎకరాల పత్తి, రెండు బర్రెలు ఉన్నయి. యూట్యూబ్‌లో ఒకాయన డ్రమ్ములో గడ్డి వేసి యాసిడ్ పోసి, పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ కోసం ముందుగా శుద్ధి చేయడం చూపించాడు. మేమే అట్ల చేసి ఫ్యాక్టరీకి అమ్మితే ఎక్కువ రేటు వస్తదా?

జవాబు: డ్రమ్ము అప్పుడే కొనేశారా? కొంటే ఉండనివ్వండి, పనికొస్తుంది. యాసిడ్ జోలికి మాత్రం పోవద్దు.

ఆ వీడియో అంతా అబద్ధమని కాదు గానీ, సగమే చెప్పాడు. గడ్డిలో చక్కెర ఉంది, కాకపోతే సెల్యులోజ్ అనే పొడుగాటి గొలుసుగా ఉంది, దాన్ని అల్లుకుని హెమిసెల్యులోజ్, ఈ రెండింటికీ బంక పట్టించినట్టు లిగ్నిన్. బంక వదలనిదే ఎంజైమ్ లోపలికి పోదు, ఎంజైమ్ గొలుసు తెంపనిదే, చక్కెర తిని ఇథనాల్ చేసే ఈస్ట్‌కు తిండి లేదు. అది వదలాలంటే ఒక శాతం అటూఇటూగా సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపి, గట్టి మూత బిగించి 150–180 డిగ్రీల్లో ఉడికించాలి, లేదంటే ఆవిరి బాగా పట్టించి ఒత్తిడిని ఒక్కసారిగా వదిలెయ్యాలి, అప్పుడు పోచ లోపలి నుంచి పేలి పీచులుగా విడిపోతుంది. ల్యాబ్‌లో అలా తీసిన గడ్డి తడి కాఫీ పొడిలా నల్లబడి ఉంటుంది, మాడిన బెల్లంలో పులుపు కలిసినట్టు వాసన. చిక్కంతా ఆ వాసనలోనే ఉంది. వేడి కాస్త ఎక్కువైతే చక్కెర మాడి ఫర్‌ఫ్యూరల్ అవుతుంది, అది ఈస్ట్‌కు పడదు. ఇక డ్రమ్ములో చల్లటి యాసిడ్ పోస్తే బంక వదలదు, మీ చేతులు మాత్రం కాలుతాయి.

హర్యానాలోని పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ వాళ్ల ఇథనాల్ ప్లాంటును 2022 ఆగస్టులో ప్రారంభించారు. ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డితో 3 కోట్ల లీటర్లు తీయాలని దాని లెక్క, అంటే టన్నుకు 150 లీటర్లు. అలాంటి ప్లాంటు కొనేది ఎండు గడ్డి, శుద్ధి లోపల వాళ్లే చేసుకుంటారు. మీరు తడిపి ఇస్తే బరువు, కిరాయి పెరుగుతాయి తప్ప రేటు పెరగదు. ఇక్కడి నుంచి అక్కడికి మోయడం డీజిల్‌కే సరి, ఆ ఆలోచన వద్దు.

గడ్డి ఎవరికి అమ్మినా విలువ దాని ఎండులోనే ఉంది. గుప్పెడు తీసి మెలిపెట్టండి, పెళుక్కున విరిగితే గడ్డిని కట్టలుగా చుట్టే బేలర్ పెట్టించండి, వంగితే ఇంకో రోజు ఆగండి. తడి మీద చుడితే బూజు పడుతుంది, ఆ బూజు తినేది మనకు కావాల్సిన సెల్యులోజే. మట్టి కూడా రానివ్వొద్దు, అసలే వరిగడ్డిలో ఇసుకలాంటి సిలికా ఎక్కువ. పత్తి కట్టెలో లిగ్నిన్ ఇంకా ఎక్కువ, మొండిది. దాన్ని గట్టు మీద కుప్ప పెడితే ఎండిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుంటుంది, ష్రెడ్డర్‌తో ముక్కలు చేయించి దున్నించండి.

ఇంటి దగ్గర మీరు చేసుకోగల శుద్ధి ఒకటుంది, బర్రెల కోసం. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు. యూరియా పూర్తిగా కరిగాక పొరపొరకూ చల్లి తొక్కి, గాలి పోకుండా టార్పాలిన్ కప్పి 21 రోజులు ఉంచండి. లోపల పుట్టే అమ్మోనియా ఆ బంకనే కొంత వదులు చేస్తుంది. మేపే ముందు గంటసేపు ఆరబెట్టండి, ఆరు నెలల లోపు దూడలకు పెట్టొద్దు. యూరియా కలపడానికి ఆ డ్రమ్ము వాడండి, మిగిలిన నీళ్లు మాత్రం బర్రెలకు అందేలా ఉంచకండి, తాగితే ప్రాణానికే ముప్పు.