ముందు మెడికల్ షాపుకి వెళ్ళండి, తర్వాత ఆలోచిద్దురుగాని

నిన్న రాత్రి మీ వారితో ఏ జాగ్రత్తా లేకుండా కలిశామని, పీరియడ్ వచ్చి 12వ రోజని, ఐ-పిల్ (గర్భం రాకుండా అత్యవసరంగా వేసుకునే మాత్ర) రేపు వేసుకున్నా సరిపోతుందా అని అడిగారు. రేపటిదాకా ఆగొద్దు. కలిసిన 72 గంటల్లోపు వేసుకోవాలి అనగానే మూడు రోజులు టైముందిలే అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను.

2016లో, పెళ్ళయిన నాలుగో నెల. తెనాలిలో మా అత్తగారింట్లో ఉన్నాం. శనివారం రాత్రి కండోమ్ చిరిగింది. ఆదివారం మా వీధిలో షాపు తియ్యలేదు. సోమవారం పొద్దున్నే వెళ్తే, కౌంటర్ దగ్గర మా మామగారి స్నేహితుడు బీపీ మాత్రలు కొంటున్నారు. "ఏమ్మా, ఎవరికి బాగోలేదు?" అన్నారు. తలనొప్పి అని చెప్పి అమృతాంజనం కొనుక్కుని వచ్చేశాను. మా ఆయన్ని వెళ్ళమంటే "నాకు మొహమాటం, నువ్వే తెచ్చుకో" అన్నారు. ఆ మాటకి నాకు ఇప్పటికీ కోపమే. ఇద్దరం కలిసి చేసినదానికి పరుగులు పెట్టేది ఎప్పుడూ ఆడదేనా? మధ్యాహ్నం బస్సెక్కి గుంటూరు వెళ్ళి, ముక్కూమొహం తెలియని షాపులో కొని, బస్టాండులోనే మింగాను. అప్పటికి 40 గంటలయింది.

ఆ నెల పీరియడ్ ఆరు రోజులు ఆలస్యమైంది. "ఈసారి బయట చేరలేదే, ఏమైనా విశేషమా?" అని అత్తగారు రోజూ అడిగేవారు. ఆవిడ సంతోషం చూస్తే ఏడుపొచ్చేది. మా తోడికోడలు బొప్పాయికాయ, నువ్వులు-బెల్లం తినిపించింది. వాటితో గర్భం ఆగదు. ఈ బొప్పాయి సలహాలు నమ్మి విలువైన గంటలు పోగొట్టుకునేవాళ్ళు ఇంకా ఎంతమందో!

తర్వాత డాక్టరమ్మ చెప్పారు: ఈ మాత్ర అండం విడుదలను వెనక్కి జరుపుతుంది, అంతే. అండం అప్పటికే విడుదలైతే పెద్దగా పనిచేయదు. నిలిచిన గర్భాన్ని తీసేయదు. వీర్యకణాలు లోపల ఐదు రోజుల దాకా బతుకుతాయి కాబట్టి 12వ రోజు అంటే రిస్కు రోజే. వేసుకున్న మూడు గంటల్లోపు వాంతి అయితే మళ్ళీ వేసుకోవాలి. టీబీకో, ఫిట్స్‌కో మందులు వాడుతుంటే ముందే డాక్టరుకి చెప్పాలి, కొన్ని మందులు దీని పని తగ్గిస్తాయి.

మాత్ర కంటే గట్టిది కాపర్-టీ, అంటే గర్భసంచిలో పెట్టే చిన్న పరికరం. కలిసిన ఐదు రోజుల్లోపు వేయించుకుంటే చాలు, గర్భం వచ్చే అవకాశం నూటికి ఒకటి కూడా ఉండదు. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా వేస్తారు. పిల్లలు లేనివాళ్ళు వేయించుకోకూడదని మా వైపు అంటారు, అది తప్పు. ఈ సంగతి అప్పుడు నాకు ఒక్కరూ చెప్పలేదు.

ఐ-పిల్‌కి డాక్టరు చీటీ అక్కర్లేదు, షాపులో అడిగితే ఇస్తారు. ఈ నెలలో ఇంకోసారి కలిస్తే ఈ మాత్ర కాపాడదు, కండోమ్ వాడండి. పీరియడ్ వారం దాటినా రాకపోతే, లేదా మూడు వారాలయ్యాక, ఇంట్లోనే యూరిన్ టెస్ట్ చేసుకోండి. ఇప్పుడు మాత్రం షాపు మూసేలోపు వెళ్ళండి. మీ వారు ఇంట్లోనే ఉంటే ఆయన్నే పంపండి.