మిద్దె మీద గదిలో డ్రమ్స్

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడే డిగ్రీ చదువుతోంది. ముగ్గురు స్నేహితురాళ్లతో కలిసి రాక్ బ్యాండ్ పెడతానంటోంది. తను డ్రమ్స్ వాయిస్తుందట! ప్రాక్టీసుకి మా మిద్దె మీద గది అడుగుతోంది. అందరూ ఆడపిల్లలే ఉన్న బ్యాండ్‌ని జనం నిజంగా వింటారా, వింతగా చూసి వదిలేస్తారా? నాకు ఒకటే టెన్షన్.
– ఒక తల్లి, కట్టమంచి, చిత్తూరు

జవాబు: వింటారమ్మా. విన్నారు కూడా. 1978లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన గో-గోస్ బ్యాండ్‌లో ఐదుగురూ ఆడవాళ్లే. ఆడవాళ్ల బ్యాండ్ అమ్ముడుపోదని పెద్ద రికార్డు కంపెనీలు వద్దన్నాయి. చివరికి ఒక చిన్న కంపెనీ తీసుకుంది. 1981లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ 1982 మార్చిలో అమెరికాలో ఆల్బమ్‌ల అమ్మకాల లెక్క చెప్పే బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి చేరి, ఆరు వారాలు అక్కడే ఉంది. పాటలు తామే రాసుకుని, తామే వాయించే ఆడవాళ్ల బ్యాండ్‌కి అలా జరగడం అదే మొదలు. అప్పుడే పుట్టిన పాటల వీడియోల టీవీ ఛానల్ ఎంటీవీ కూడా కలిసొచ్చింది. 1986 చివర్లో బ్యాంగిల్స్ అనే ఇంకో ఆడవాళ్ల బ్యాండ్ పాట నంబర్ వన్ అయింది.

వీళ్లకంటే ముందే, 1970లో, ఫిలిప్పీన్స్ నుంచి అమెరికా వెళ్లిన అక్కచెల్లెళ్లు జూన్, జీన్ మిల్లింగ్టన్‌ల ఫానీ బ్యాండ్ పెద్ద కంపెనీలో ఆల్బమ్ తెచ్చింది. ఎంత బాగా వాయించినా అంత పేరు రాలేదు. నాకు వాళ్లంటేనే ఎక్కువ ప్రేమ.

మీ అమ్మాయి డ్రమ్స్ అన్నారే, అక్కడ నా మనసు ఆగిపోయింది. నేను మృదంగం నేర్చుకున్నదాన్ని. ఇరవై ఏళ్లప్పుడు తిరుపతిలో ఒక కచేరీకి పిలిచారు. నాదం గంభీరంగా పలకడానికి మృదంగం ఎడమ వైపు రవ్వ ముద్ద అంటించి, శ్రుతి చూసుకుని కూర్చున్నాను. పాడేవారు వచ్చి, ఆడపిల్ల పక్కవాద్యం వాయిస్తే పాడనన్నారు. అందరి ముందూ ఆ రవ్వని గోటితో గీకి తీసి, మృదంగానికి గుడ్డ సంచి తొడిగాను. గోళ్లలో ఇరుక్కున్న ఆ తడి రవ్వ ఇప్పటికీ గుర్తే. మూడేళ్లు మళ్లీ ముట్టుకోలేదు. ఇంట్లో ఒక్కరు "వాయించమ్మా" అని ఉంటే ఆ మూడేళ్లు పోయేవి కావు.

గో-గోస్‌కి కూడా మొదట్లో వాయించడం సరిగ్గా రాదు. 1979లో జీనా షాక్ అనే డ్రమ్మర్ వచ్చి ప్రాక్టీసుని దారిలో పెట్టాకే బ్యాండ్ గట్టిపడింది. లయ నిలబడితేనే కదా పాడేవాళ్లకి ధైర్యం.

మీ భయం ఊరికే పుట్టింది కాదు. శ్రీనగర్‌లో ముగ్గురు స్కూలు అమ్మాయిల ప్రగాశ్ బ్యాండ్ 2012 డిసెంబరులో వేదికెక్కింది. ఇంటర్నెట్‌లో తిట్లు, బెదిరింపులు చుట్టుముట్టి 2013 ఫిబ్రవరికల్లా ఆగిపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. మీవాళ్లు వీడియో పెడితే ముందు కామెంట్లు మీరు చూడండి.

గది మాత్రం ఇవ్వండి. డ్రమ్ సెట్ ఇప్పుడే కొనకండి. రబ్బరు ప్రాక్టీస్ ప్యాడ్, ఒక జత కర్రలు చాలు, పక్కింటికి అంతగా చప్పుడు పోదు. సొంతంగా ఒక పాట కట్టుకున్నాక నాకు ఉత్తరం రాయమనండి. చిత్తూరు బస్సెక్కి వచ్చి వింటాను.