కొత్త కోఆర్డినేటర్‌కు ఒక ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

కాలేజీలో చదువు నాణ్యత చూసే కమిటీ, ఐక్యూఏసీ బాధ్యత నీకిచ్చారని విని చాలా సంతోషించాను. టెన్షన్‌గా ఉందన్నావు. ఫోన్‌లో సగమే చెప్పగలిగాను, మిగతాది రాస్తున్నాను.

ఫైళ్లతో మాత్రం మొదలుపెట్టకు. నేను చేసిన తప్పు అదే. కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే నాక్ బృందం వస్తోందని ఐదేళ్ల ఫైళ్లు మూడు నెలల్లో తయారుచేశాం. మత్స్యకారుల వాడలో పెట్టిన వైద్య శిబిరం ఫొటోలు అందంగా అతికించాం. బృందంలో ఒకాయన మా విద్యార్థిని పిలిచి, ఆ వాడలో జనం ఏ నీళ్లు తాగుతారని అడిగారు. అబ్బాయికి తెలియదు. పక్కనే నిలబడ్డ నాకూ తెలియదు. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదమ్మా.

అందుకే ముందు ఒక ఊరు పట్టుకో. మీకు కెమిస్ట్రీ ల్యాబ్ ఉంది. పరవాడ వైపు ఫార్మా కంపెనీల దగ్గరి ఊళ్లలో బావినీళ్ల మీద జనానికి ఎన్నో అనుమానాలున్నాయి. ఎండాకాలంలో, వానలయ్యాక, చలికాలంలో అవే బావుల నీళ్లు తెచ్చి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు), నైట్రేట్, కాఠిన్యం చూడండి. అంకెలు మీ రిజిస్టర్‌లోనే ఉండిపోతే లాభం లేదు. పంచాయతీకి తెలుగులో రాసి ఇవ్వాలి, మరుసటి ఏడాది మళ్లీ వెళ్లాలి. మళ్లీ వెళ్లడమే అసలు పని. చాలా కాలేజీలు అక్కడే ఆగిపోతాయి. డిగ్రీ పిల్లల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు 180 గంటలుంటాయి కదా, వాటిని ఇలాంటి పనికి వాడు. ఎవరి పాత రిపోర్టో జిరాక్స్ తీసి ఇవ్వనివ్వకు.

కామర్స్ పిల్లలను ఫిషింగ్ హార్బర్‌కు పంపు. చేపలమ్మే ఆడవాళ్లు ఐస్‌కు, ఆటోకు, వడ్డీకి ఎంత కడుతున్నారో వాళ్ల పక్కన కూర్చుని లెక్క రాస్తే, ఆ పిల్లలకు కాస్ట్ అకౌంటింగ్ జన్మలో మరిచిపోని పాఠం అవుతుంది. బాటనీ వాళ్లకు పాడేరు కాఫీ తోటలు ఎలాగూ ఉన్నాయి.

ఐక్యూఏసీ కమిటీలో స్థానికులు, పూర్వ విద్యార్థులు, పరిశ్రమల వాళ్లు ఉండాలని నిబంధన. సంతకం కోసం పేర్లు పెట్టొద్దు. ఆటోనగర్‌లో చిన్న యూనిట్ నడిపే మీ పాత విద్యార్థిని పిలువు. మన పిల్లలకు ఏం రావడం లేదో ఆయన మొహమాటం లేకుండా చెబుతాడు. కొంచెం బాధగా ఉంటుంది, అయినా మినిట్స్‌లో రాయించు. మూడు నెలలకోసారి మీటింగ్ పెట్టి, పోయినసారి అనుకున్నవాటిలో ఏం చేశామో ముందు చదివించు. అలా చేస్తే ఏడాది చివర నాక్‌కు పంపే వార్షిక నివేదిక ఏక్యూఏఆర్‌కు కొత్తగా కల్పించాల్సిందేమీ ఉండదు.

ప్రిన్సిపాల్‌గారిని ల్యాబ్ కెమికల్స్‌కు డబ్బు ఇప్పుడే అడుగు, మార్చిలో అడిగితే దొరకదు. మొదటి మీటింగ్ మినిట్స్ రాశాక నాకు పంపు, చదివి చెబుతాను.

మీ మాస్టారు
విశాఖపట్నం