కోడ్‌లో ఏం మారిందో ప్రోగ్రామర్లు ఎలా తెలుసుకుంటారు?

వందల ఫైళ్లున్న ప్రోగ్రామ్‌లో నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో కంటితో వెతికి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఆ పని డిఫ్ అనే సాధనం చేస్తుంది. 1970లలో బెల్ ల్యాబ్స్ అనే అమెరికా పరిశోధనశాలలో, యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం దీన్ని రాశారు. ఫైలు పాత, కొత్త రూపాలు రెండింటిలోనూ ఒకే వరుసలో ఉన్న ఉమ్మడి పంక్తులను వీలైనన్ని గుర్తించి, మిగిలినవాటినే మార్పులుగా చూపుతుంది. తీసేసిన పంక్తికి ముందు మైనస్, చేర్చినదానికి ప్లస్.

- వయసు > 18
+ వయసు >= 18

చేరింది ఒక్క గుర్తే. కానీ సరిగ్గా 18 ఏళ్ల వయసున్నవారికి నిన్నటిదాకా మూసి ఉన్న తలుపు ఇప్పుడు తెరుచుకుంది. ఆ సంగతి డిఫ్‌కు తెలియదు. దానికి అక్షరాలే తెలుసు, అర్థం తెలియదు.

అందుకే ‘ఎందుకు మార్చాం’ అన్నది మనిషే రాయాలి. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ అనే సాధనంలో ప్రతి కమిట్‌కూ, అంటే భద్రపరిచిన ప్రతి మార్పుకూ, ఒక సందేశం జతచేస్తాం. అక్కడ ‘బగ్ సరిచేశాను’ అని మాత్రమే కనిపిస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఆరు నెలల తర్వాత ఆ పంక్తితో కుస్తీ పట్టేవారికి అది ఏం చెబుతుంది? ‘18 ఏళ్లవారికీ దరఖాస్తు చేసే వీలు ఇవ్వాలి’ అంటే చాలు. గిట్ బ్లేమ్ అనే ఆదేశాన్ని అడిగితే ఏ పంక్తిని చివరిసారి ఏ కమిట్ మార్చిందో చూపుతుంది. అక్కడి నుంచి నేరుగా ఆ సందేశం చదవవచ్చు.

ఎప్పుడు చెడిందో తెలియని తప్పుకు గిట్ బైసెక్ట్ అనే ఆదేశం ఉంది. బాగా పనిచేసిన కమిట్‌కూ చెడినదానికీ మధ్యలోని కమిట్‌ను పరీక్షించి, ప్రతిసారీ సగం వదిలేస్తూ వెళ్తుంది. 1,000 కమిట్‌లున్నా సుమారు 10 పరీక్షల్లో తప్పు మొదలైన చోటు దొరుకుతుంది.