ఇంజెక్షన్ తీసేయండి, కథ పిండం దగ్గర మొదలవ్వాలి

మీ సైన్స్ ఫిక్షన్ కథలో 2010లో పుట్టిన ఇంటర్ అమ్మాయికి కాలేజీలో వేసిన ఒక్క ఇంజెక్షన్‌తో తెల్లారేసరికి చీకట్లో చూపు వచ్చేస్తే ఎవరూ నమ్మట్లేదన్నారు. నమ్మరండీ. ఎదిగిన ఒంట్లో కోట్లాది కణాలు ఒక్క సూదికి మారవు. మార్పు ఐవీఎఫ్ సెంటర్‌లో, పిండం దశలోనే జరగాలి.

కానీ జన్యువులను కోసి మార్చే క్రిస్పర్ పద్ధతిని జన్యు కత్తెరగా చూపించింది 2012లో, మీ అమ్మాయి పుట్టింది అంతకు ముందే. కథను 2032కి జరపండి, అమ్మాయి 2016లో పుడుతుంది. చైనాలో ఇలా పిండంలోనే జన్యువులు మార్చిన కవలల సంగతి బయటపడింది 2018లో కాబట్టి మీ విలన్ వాళ్లకంటే ముందే గుట్టుగా కానిచ్చేశాడన్నమాట!

చీకటి చూపు కూడా వద్దు, తక్కువ నిద్ర పెట్టండి. డెక్2 జన్యువులో చిన్న మార్పు వల్ల ఆరు గంటల నిద్రే సరిపోయే తల్లీకూతుళ్ల గురించి 2009లో ప్రచురించారు. ఎంట్రెన్స్ ర్యాంకుల పిచ్చి ఉన్న మన ఊళ్లో దీనికి డబ్బులు గుమ్మరించే తల్లిదండ్రులు దొరకరా?

రహస్యం బయటపడటానికి పాత డైరీలు అరిగిపోయాయి. మొజాయిసిజం, అంటే ఒకే ఒంట్లో రెండు రకాల జన్యువులున్న కణాలుండటం, వాడుకోండి. పిండంలో కణం ఒకటి నుంచి రెండు, నాలుగుగా విభజన అయ్యాక కత్తెర పనిచేస్తే కొన్ని కణాలే మారతాయి. అప్పుడు రక్తంలో ఒక ఫలితం, బుగ్గ లోపల దూదిపుల్లతో తీసిన నమూనాలో ఇంకోటి రావచ్చు. శాంపిల్ తారుమారైందని ల్యాబ్ వాళ్లు మళ్లీ పిలుస్తారు. మళ్లీ అదే. టెన్షన్ అక్కడ పెంచండి.

విలన్ స్థావరం బయోటెక్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీలో వద్దు, అందరూ ముందే ఊహిస్తారు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ పైఅంతస్తు చాలు. పిండాలు దాచే ద్రవ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల దగ్గరుంటుంది, ఆవిరైపోతుంటే ఎప్పటికప్పుడు నింపాలి. క్లాసుల్లేని ఆదివారం కూడా ఆ క్యాన్లు లిఫ్ట్‌లో పైకెందుకు వెళ్తున్నాయని మీ అమ్మాయి వాచ్‌మన్‌ను అడిగితే సరి.